వాపసు లేని టికెట్లు

ఫిబ్రవరి రెండో వారంలో ఇంకా ఒక గడి ఖాళీగా ఉంది. డిసెంబరు నెల, బస్సు డిపోలో డ్రైవర్ ట్వైలా కూర్చున్న బెంచీ దగ్గరనుంచే అద్దాల గదిలోని తెల్లబోర్డు కనిపిస్తోంది. రాబోయే ఏడాది మొత్తాన్ని యాభైరెండు వరుసలుగా గీసి, వరుసకు మూడేసి గడులు పెట్టారు. వారానికి ముగ్గురు డ్రైవర్లకు మించి సెలవు లేదు, సర్వీసు ఎక్కువున్నవాళ్ళు ముందు, మిగతావాళ్ళు వెనక, ఒక్కొక్కరు ఐదారు వారాలు పట్టుకోవచ్చు, పిలిచినప్పుడు మనిషి లేకపోతే ఆ మనిషి పేరు జాబితా చివరికి పోతుంది, ఒక్క వారమే దక్కుతుంది, ఈ మాట తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించి ఉంది. ట్వైలాది పద్నాలుగో నంబరు. ఇప్పటికి తొమ్మిదిమంది లోపలికి వెళ్ళి వచ్చారు. జూన్, జూలై నిండిపోయాయి, క్రిస్మస్ వారాన్ని మొదటి ముగ్గురే ఎగరేసుకుపోయారు, బడులకు వసంతం సెలవులిచ్చే వారం కూడా అయిపోయింది, అవేవీ ఆమెకు అక్కర్లేదు, టెక్సస్‌లోని ఈ లబక్ ఊళ్ళో ఎవరికీ పట్టని వారమే కావాలి, గాలి దుమ్మెత్తి పోస్తూ, దూది తీసేసిన చేలు గోధుమరంగులో బోడిగా పడి ఉండే ఫిబ్రవరి. అయినా ఆ వారంలో రెండు గడులు అప్పుడే పోయాయి. ఎవరికి అవసరమొచ్చిందో. మూడో గడి వైపు చూస్తూ ఉంటే అది పోదన్నట్టుగా చూస్తూ కూర్చుంది, కాఫీ చల్లారిపోయింది, పక్కన బెర్నీస్ ఊలు దారంతో ఏదో అల్లుతోంది, టోపీయో మేజోడో ఇంకా తెలియడం లేదు.

బెర్నీస్‌ది పదమూడో నంబరు, అరవై రెండేళ్ళు, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పోయినేడు చెల్లెల్ని వెంటబెట్టుకుని పక్క రాష్ట్రంలోని ఆల్బకర్కీ వెళ్ళొచ్చింది, అక్కడ గంజాయి నేరం కాదు. చెల్లెలు గంజాయి నూనె కొని మోకాళ్ళకు రాసుకుంటే తను పక్కన కూర్చుని చూసింది. బస్సు నడిపేవాళ్ళకు ఎప్పుడంటే అప్పుడు మూత్ర పరీక్ష ఉంటుంది కాబట్టి చూడ్డం వరకే. అప్పటినుంచి డిపోలో ఎవరికైనా ఆ ఊరి సంగతి కావాలంటే బెర్నీస్‌నే అడగాలి.

"ఏప్రిల్ ఇరయ్యో తారీకు దగ్గరకు మాత్రం పోకు తల్లీ," అంది తల ఎత్తకుండానే. "అది గంజాయి తాగేవాళ్ళ పండగ. రోడ్డంతా పొగే, గదులన్నీ నిండిపోతాయి. అక్టోబరు అసలే వద్దు. బెలూన్లు ఎగరేస్తారు కదా, ఆ పది రోజులూ మోటెల్ వాడు స్నానాలగది కూడా విడిగా అద్దెకిచ్చేలా ఉంటాడు."

"ఫిబ్రవరి రెండో వారం. మంగళవారం వెళ్ళి శుక్రవారం తిరుగు."

"శని ఆదివారాలు తప్పించావు. తెలివైనదానివే. ప్రేమికుల రోజు ఆ వారంలోనే వస్తుంది, చూసుకున్నావా? మీ అన్నాచెల్లెళ్ళిద్దర్నీ చూసి పువ్వులు తెచ్చి గదిలో పెడతారు, జాగ్రత్త."

ట్వైలా నవ్వింది. చూసుకుంది. పది నెలలుగా చూసుకుంటూనే ఉంది, ఏ రోజు బస్సు చవక, ఏ మోటెల్‌లో పొద్దున్న ఫలహారం ఇస్తారు, కొన్న గంజాయి కూర్చుని తాగడానికి వీలున్న గదులు ఎక్కడున్నాయి, వాటిలో మెట్లు లేనిది ఏది. అన్న రాయిస్ ఏమీ చూసుకోలేదు. ఒక్కసారి అడిగాడు, అంతే. పోయిన మార్చిలో, ఆమె ఇంటి వెనక అరుగు మీద కూర్చుని ఆమె గడ్డికోత మిషను విప్పి బాగుచేస్తూ, చేతులు నూనెలో ఉండగా, ముఖం ఎత్తకుండా అన్నాడు, నాకు వచ్చే ఏడు అరవై వస్తాయి, ఒక్కసారి పగటిపూట, తలుపు తెరిచి ఉన్న చోట, కుర్చీలో కూర్చుని తాగాలని ఉంది, ఎవరైనా వస్తున్నారా అని చూసుకోకుండా. తర్వాత స్క్రూ కింద పడితే వెతుక్కున్నాడు. సరిహద్దు దాటగానే క్లోవిస్‌లో కొట్లున్నాయి కదా, గంటన్నర, అంది ఆమె. అక్కడ నిలబడ్డ కార్లన్నీ మన వీధివే, అన్నాడు. కారులో వద్దు, టెక్సస్ నంబరు పలకతో ఆ రోడ్డు మీద తిరిగి రావడం నా వల్ల కాదు, వెనక పోలీసు బండి లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది, బస్సులో పోదాం. పైగా నువ్వు ఏడాదంతా జనాన్ని మోస్తావు, నిన్ను కూడా ఎవరైనా మొయ్యాలి కదా పిల్లా, అన్నాడు. కొన్నది అక్కడే అయిపోవాలి, మిగిలింది అక్కడే పారెయ్యాలి, ఒక్క నలక కూడా ఇంటికి రాకూడదు. అలా అన్నప్పుడు అతని గొంతు మారింది. ఆమె చెవికే వినిపించే మార్పు అది.

పదో నంబరు లోపలికి వెళ్ళింది. ఏ గడిలో రాస్తున్నారో కనబడకుండా వీపు అడ్డం వచ్చింది. క్లచ్ మెల్లగా వదులు, గుడ్డు మీద కాలు పెట్టినట్టు వదులు, అనేవాడు రాయిస్, ఆమెకు బండి నేర్పుతూ. ఆమెకు పదిహేనేళ్ళు, అతనికి ఇరవై, నాన్న పాత ఫోర్డు ట్రక్కు, పత్తి చేల మధ్య మట్టి బాట, ట్రక్కు కుందేలులా గెంతి ఆగిపోతే అతను డాష్‌బోర్డుకు నుదురు ఆనించి నవ్వి, మళ్ళీ, అనేవాడు, మళ్ళీ, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇవాళ నలభై అడుగుల బస్సును ఇరుకు సందులోకి తిప్పుతుంటే ముసలివాళ్ళు మెచ్చుకుంటారు, ఎవరు నేర్పారమ్మా అంటారు, మా అన్న అంటుంది, ఆ మాట అన్న ప్రతిసారీ ముప్పై ఏడేళ్ళ కిందటి ఒక శనివారం గుర్తొస్తుంది. అంత నేర్పినవాడు, రెండేళ్ళ తర్వాత, ఆ శనివారం స్కేటింగ్ హాలుకు తీసుకెళ్తానని తీసుకెళ్ళలేదు. తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసుకుని, జుట్టు చుట్లు తిప్పుకుని, మెట్ల మీద కూర్చుంది, దీపాలు పెట్టేదాకా కూర్చుంది, లూసిల్ అనే పిల్లను ట్రక్కులో ఎక్కించుకుని అతను ఇటు చూడకుండానే వెళ్ళిపోయాడు. అంతే. ఇంత చిన్న సంగతి. మర్నాడు ఆదివారం, చర్చి అయ్యాక, నాన్న టై విప్పుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి, వాడు ఆ గంజాయి ఎక్కడ దాస్తున్నాడు, నీకు తెలుసు, అన్నాడు. అరవలేదు. తనను పెద్దదాన్ని అడిగినట్టు అడిగాడు, అప్పటిదాకా నాన్న ఆమెను ఏదీ అలా అడగలేదు, ఆ అడగడమే ఎంత బాగుందో. కిటికీలోంచి మోటారు గది కనిపిస్తోంది. ఆమె నోరు విప్పలేదు. గడ్డం కొంచెం ఎత్తి అటు చూపించింది.

షెరీఫ్‌కు చెప్తే ఆ పోలీసాయన భయపెట్టి వదిలేస్తాడనుకున్నాడు నాన్న. చర్చిలో పక్క బల్ల మీద కూర్చునే మనిషే కదా. కానీ మోటారు గదిలో, పాత బ్యాటరీల వెనక దొరికింది ఇంట్లో అనుకున్నదానికంటే ఎక్కువ, చట్టం ఆ రోజుల్లో అలాంటిది, ఎనిమిదేళ్ళు వేశారు, మూడున్నర ఏళ్ళు ఉంచారు, పలుగూ పారా పట్టించి ప్రభుత్వం పొలాల్లో ఎండలో తవ్వించారు. రెండో ఏడు అమ్మ బట్టలారేస్తూ పడిపోయింది, మళ్ళీ లేవలేదు. అంత్యక్రియలకు రాయిస్‌ను పంపలేదు. నాన్న ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికాడు, ఆ ఆదివారం గురించి ఒక్క మాట అనలేదు, తనతో కూడా అనలేదు. కొన్నిసార్లు భోజనాల దగ్గర ఇద్దరి కళ్ళూ కలిస్తే ఇద్దరూ ఉప్పు కోసం చెయ్యి చాపేవాళ్ళు.

తిరిగొచ్చాక రాయిస్ జిన్నింగ్ మిల్లులో చేరాడు. రాత్రి పని, సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు, పత్తి వచ్చినన్ని నెలలూ మిల్లు ఆగదు, చెవులు సగం పోయాయి, కనుబొమ్మల్లో ఎప్పుడూ దూది. పెళ్ళి చేసుకోలేదు. ట్వైలా మొగుడు వదిలేసి పోయినప్పుడు, ఆమె బస్సు లైసెన్సు కోసం చదువుకునే ఆరు నెలలూ ఆమె కూతురికి పొద్దున్నే జడలు వేసి బడికి పంపింది అతనే, రాత్రంతా మిల్లులో నిలబడి వచ్చి, ఆ మొద్దు వేళ్ళతో. పాపిడి వంకరగా ఉందని పిల్ల ఏడిస్తే మళ్ళీ విప్పి మళ్ళీ వేసేవాడు. ఎవరు చెప్పారు అని అతను ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదేమో. అడగకపోవడం వల్ల ఏళ్ళు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి, ఇవాళ కాదు, పిల్ల చదువయ్యాక, నాన్న పోయాక, పత్తి అయ్యాక. ఎప్పుడు అనేది తేల్చుకోలేకపోవడం ఆమెకు కొత్త కాదు.

పదకొండో నంబరు. ఫోను తెరిచింది. టికెట్ల పేజీ అలాగే ఉంది, రెండు సీట్లు, అమరిల్లోలో బస్సు మారాలి, పొద్దున్న ఎక్కితే చీకటి పడేలోపు దిగుతారు. ఈ ధర ఇంకో ముప్పై ఎనిమిది నిమిషాలే అని మూలన అంకెలు తగ్గుతున్నాయి. దాని కింద చిన్న అక్షరాలు, కొన్న తర్వాత వాపసు లేదు. అది తెలిసిందే, వాపసు ఉండే టికెట్టు దాదాపు రెండింతలు. గడిలో పేరు రాయగానే కొనెయ్యాలని ముందే అనుకుంది. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లో చదివింది, కానీ ఇప్పుడు చదువుతుంటే ఎవరో పక్కన నిలబడి గట్టిగా చదివి వినిపించినట్టయింది. వాపసు లేదు. ఆమె ఆలోచన ఏమిటంటే, ఇది బెర్నీస్‌కు కూడా చెప్పలేదు, అక్కడికి వెళ్ళాక, రెండో రోజు సాయంత్రం, అతను రెండు దమ్ములు పీల్చి, భుజాలు దిగి, ఆ పాత నవ్వు ముఖం మీదికి వచ్చాక, అప్పుడు చెప్దామని. మెత్తబడ్డాక. మెత్తబడ్డాక చెప్తే కోపం కూడా మెత్తగానే వస్తుందని. పది నెలలు చవక రోజులు వెతుకుతున్నాననుకుంది, వెతికింది అతను లేచి వెళ్ళిపోలేని చోటు. తెలియని ఊరు, ఒకే గది, శుక్రవారం దాకా తిరుగు బస్సు లేదు. ఆ మనిషి ముప్పై ఏడేళ్ళ తర్వాత తలుపు తెరిచి ఉన్న చోట కూర్చోవాలన్నాడు, తను ఆ తలుపు దగ్గర కాపు కాసి కూర్చోబోయింది. మొహం వేడెక్కింది. అతనికి ముందే తెలియాలి. తెలిసి, రానంటే రానని చెప్పగలిగేటప్పుడు తెలియాలి. అంటే టికెట్లు కొనకముందు. అంటే ఇప్పుడు.

లేచింది. "ఫోను చేసుకొస్తా."

"ఇప్పుడా?" బెర్నీస్ అల్లిక ఆపింది. "పన్నెండో వాడు లోపలికి పోయాడు. తర్వాత నేను, నా తర్వాత నువ్వే. నేనెంతసేపు సాగదీయగలను?"

"సాగదీయగలిగినంత."

బయట గాలి తలుపును లాక్కుంది. కడిగిన బస్సులు వరుసగా నిలబడి కారుతున్నాయి. అతను పడుకుని ఉంటాడు, పదకొండు దాటింది, రాత్రి పనివాడికి ఇది నడిరాత్రి లెక్క. నాలుగో మోతకు ఎత్తాడు.

"పడుకున్నావా?"

"ఇంతసేపూ. వారం దొరికిందా?"

"ఇంకా పిలవలేదు. రాయిస్, నీకొక మాట చెప్పాలి. టికెట్లు కొనకముందే చెప్పాలి."

"రేటు పెంచారా?"

"కాదు." బస్సు అద్దంలో తన ముఖం కనిపించింది, అటు తిరిగింది. "మోటారు గది సంగతి. నాన్నకు చెప్పింది నేను."

అవతల మంచం కిర్రుమన్న చప్పుడు, లేచి కూర్చున్నట్టున్నాడు.

"నీకప్పుడెన్నేళ్ళు?"

"పదిహేడు."

"కొట్టాడా నాన్న?"

అవునంటే సరిపోయేది. చచ్చిపోయిన నాన్న కాదనలేడు. "లేదు. అడిగాడు. గడ్డంతో అటు చూపించాను. నోటితో కూడా చెప్పలేదు."

"ఎందుకు?"

"ముందురోజు నన్ను స్కేటింగ్‌కి తీసుకెళ్తానని, లూసిల్‌తో వెళ్ళిపోయావు."

అతని ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది, నవ్వో దగ్గో, దూది ఊపిరితిత్తుల్లోకి పోయినవాళ్ళకు రెండూ ఒకలాగే ఉంటాయి. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది అతని గదిలో, లేదా ఆమె అలా అనుకుంది. క్షమించమని అడగాలని నోరు తెరిచింది, ఆ మాట ఇంత పెద్దదానికి అతకలేదు, అయినా అంది.

"సరే," అన్నాడు. "నాకు రాత్రి పనుంది. కాసేపు పడుకోవాలి." ఫోను పెట్టేశాడు.

ఎంతసేపు నిలబడిందో. లోపలికి వచ్చేసరికి బెర్నీస్ ఊలు సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆమెనే చూస్తోంది. "జూలై అంతా ఎందుకు నిండిపోయిందని ఆ క్లర్కుతో జగడం పెట్టుకున్నాను, మా చెల్లెలి మనవరాలి పెళ్ళి కథ మొత్తం చెప్పాను. రెండుసార్లు పిలిచాడు నిన్ను. ఇంక నా వల్ల కాలేదు తల్లీ." ఫిబ్రవరి రెండో వారంలో మూడో గడి నిండింది. ఎవరి పేరో చూడబుద్ధి కాలేదు. ట్వైలా పేరు జాబితా చివరికి పోయింది. ముప్పై ఒకటో మనిషిగా ఆమె అద్దాల గదిలోకి అడుగుపెట్టేసరికి బోర్డు మీద రెండే ఖాళీలు, జనవరి మూడో వారం, ఆగస్టు ఆఖరి వారం. జనవరి అన్నిటికంటే చవక, కానీ ఈ ఏడు పంట ఎక్కువ, మిల్లు జనవరంతా ఆడుతుంది. ఆగస్టుకు మిల్లు ఉండదు. కానీ ఆగస్టు ఎంత దూరం, అతను అవునంటాడో కాదంటాడో తెలియకుండా ఎనిమిది నెలలు. జనవరి అంది. క్లర్కు రాశాడు. టికెట్లు కొనలేదు.

మధ్యాహ్నం బండి ఒంటిగంట పదికి తీసింది. తూర్పు వైపు రూటు, ఆసుపత్రి, పాత మార్కెట్టు, కాలేజీ, మిల్లుల దారి. పని ఉన్నప్పుడు చేతులకు వాటి సంగతి అవే తెలుసు, అదొక మేలు. నాలుగు దాటాక, మూడో తిరుగుడులో, నీళ్ళ ట్యాంకు దగ్గర స్టాపులో రాయిస్ నిలబడి ఉన్నాడు, అన్నం డబ్బాతో, పని టోపీతో. మామూలుగా అతను ట్రక్కులో వెళ్తాడు. ఎక్కాడు, చిల్లర వేశాడు, ఆమె ముఖం చూడలేదు, ముందు సీట్లో కూర్చున్నాడు. బండి కదులుతుండగా డ్రైవరుతో మాట్లాడరాదు అని నెత్తిమీద రాసి ఉంది. జైలు నుంచి వచ్చినప్పటినుంచి రాసి ఉన్నదేదీ అతను దాటడు. పద్దెనిమిది స్టాపులు మాట్లాడలేదు. అద్దంలో అతని చేతులు మాత్రం కనిపిస్తున్నాయి, డబ్బా మూత తీయడం, పెట్టడం. ఎవరో ముసలావిడ చక్రాల సంచీతో దిగలేకపోతుంటే లేచి దింపి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. రూటు చివర బస్సు ఎనిమిది నిమిషాలు ఆగుతుంది. అందరూ దిగారు. ఆమె ఇంజను ఆపింది.

"లానీ అనుకున్నాను," అన్నాడు. "ముప్పై ఏడేళ్ళు."

ఆమెకు ముందు అర్థం కాలేదు. లానీ, అతనితో కలిసి తిరిగేవాడు, పక్క ఊరు లెవెలాండ్‌లో టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. స్నేహం ఎందుకో చెడిందని తెలుసు, అలా చెడుతుంటాయి కదా అనుకుంది.

"ఆ గంజాయిలో సగం వాడిది. వాణ్ణి పట్టుకోలేదు, నన్ను పట్టుకున్నారు. ఇంకెవరు చెప్తారనుకున్నా. జైలుకు వాడు ఉత్తరాలు రాస్తే విప్పకుండా తిప్పి పంపాను. పోయిన ఈస్టరుకు పెట్రోలు బంకులో చెయ్యెత్తాడు, ముసలాడైపోయాడు, కర్ర పట్టుకున్నాడు. నేను చూడనట్టు ట్రక్కు ఎక్కేశా."

"నాకు తెలియదు, రాయిస్."

"నీకెలా తెలుస్తుంది. నేనెవరికి చెప్పాను?" డబ్బా పక్కన పెట్టాడు. "ఏ వారం దొరికింది?"

"జనవరి మూడోది. నన్ను పిలిచినప్పుడు నేను బయట నీతో మాట్లాడుతున్నా. ఫిబ్రవరి పోయింది. మిల్లు ఆడుతుంటుంది, నాకు తెలుసు. నువ్వు రానంటే నేనేమీ అనుకోను. టికెట్లు కొనలేదు."

"కొనలేదా?"

"నువ్వు చెప్పేదాకా కొనకూడదనుకున్నా."

తల ఊపాడు. అది దేనికో ఆమెకు తెలియలేదు. ఎనిమిది నిమిషాలు అయిపోయాయి, ఇంజను పెట్టింది, బండి కదిలింది, అతను మళ్ళీ నోరు మూసుకున్నాడు. మిల్లు దగ్గర ఆపింది. గాల్లో దూది ఎగురుతోంది, రోడ్డు పక్క తీగలన్నిటికీ తెల్లగా పట్టుకుని ఉంది, లోపల యంత్రాలు మోగుతున్నాయి. అతను లేచి తలుపు మెట్టు మీద నిలబడ్డాడు.

"ఫోర్‌మన్‌ని అడుగుతా. ముప్పై మూడేళ్ళలో ఒక్క వారం అడగలేదు, ఇవ్వకేం చేస్తాడు. ఆదివారం లానీ దగ్గరికి పోతా, ముందు అది కానీ. నువ్వూ రా, చెప్పాల్సింది నువ్వు కదా."

"వస్తాను."

"కోపం లేదని అనుకోకు, పిల్లా. ఉంది. పొద్దుట్నుంచి పడుకోనివ్వలేదు. ఆల్బకర్కీకి అది కూడా వస్తుంది మనతో." కిందికి దిగాడు, దిగి వెనక్కి తిరిగాడు, కనుబొమ్మల మీద అప్పుడే ఒక దూది పోగు వాలింది. "దానికి వేరే టికెట్టు అక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు," అంది ట్వైలా.

"అయితే రెండే కొను," అని అతను గేటు వైపు నడిచాడు. వెనక కారు హారను కొట్టింది. ఆమె తలుపు వెయ్యలేదు. అతను రోడ్డు దాటి, గేటు దాటి, ఆ తెల్లటి గాల్లో కనబడకుండా పోయేదాకా తెరిచే ఉంచింది.